బాలానగర్ నుంచి కూకట్‌పల్లి దాకా: ఉద్దెర ఖాతాల మీద నడిచిన కొట్లు

కిరాణా కొట్లు ఎందుకు పోతున్నాయి అంటే అందరూ డీమార్ట్ అనో పది నిమిషాల డెలివరీ యాప్‌లు అనో అంటారు గానీ, హైదరాబాద్‌లో మా వైపు ఈ కథ వాటికంటే చాలా ముందే మొదలైంది.

60ల్లో బాలానగర్ చుట్టుపక్కల మందులు తయారుచేసే ఐడీపీఎల్, యంత్రాలు చేసే హెచ్ఎంటీ, అటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఇలా ప్రభుత్వ ఫ్యాక్టరీలు వచ్చాయి, అన్ని జిల్లాల నుంచి జనం దిగారు, వాళ్ల వెనకాలే కొట్లూ వచ్చాయి. అప్పట్లో సరుకులన్నీ ఉద్దెరే. కొట్లో ఒక లావు ఖాతా పుస్తకం, ఇంట్లో ఇంకో చిన్న పుస్తకం, చింతపండుకి పిల్లాడిని పంపినా ఆ పుస్తకం చేతిలో పెట్టే పంపేవాళ్లు, జీతం పడ్డాక లెక్క తేల్చేవాళ్లు. కొట్టాయన కూడా బేగంబజార్ హోల్‌సేల్ సేటు దగ్గర అప్పు మీదే సరుకు తెచ్చేవాడు, అంటే ఇద్దరి వ్యాపారమూ ఫ్యాక్టరీ జీతం తారీఖు మీదే ఆధారపడి ఉండేదన్నమాట!

అందుకే 1992లో ఐడీపీఎల్‌ని ఖాయిలా కంపెనీగా ప్రకటించడం కొట్లకీ దెబ్బే. జీతం లేటైతే ఖాతా లేటు, ఖాతా లేటైతే సేటు సరుకివ్వడు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు ఎందుకో.

ఇటు కేపీహెచ్‌బీలో, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, సంగతి వేరు. హౌసింగ్ బోర్డు ఇళ్లు కదా, రోడ్డు వైపు గదికి షట్టర్ పెట్టేస్తే కొట్టు రెడీ. పిండి గిర్ని, ఎస్టీడీ బూత్, జిరాక్స్, టైలరింగ్... పొద్దున ఆయన, మధ్యాహ్నం ఆవిడ, బడి అయ్యాక పిల్లలు. జీతం లేని పనివాళ్లు ఇంటి నిండా ఉంటే ఏ వ్యాపారమైనా నడుస్తుంది లెండి.

1998లో మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం సైబర్ టవర్స్ వచ్చాక ఈ వైపు అద్దెలు పెరగడం మొదలైంది. సూపర్ మార్కెట్లంటే త్రినేత్ర 80ల నుంచే ఉండేది, రిలయన్స్ ఫ్రెష్ 2006లో హైదరాబాద్‌లోనే మొదలైంది, అయినా కొట్లు తట్టుకున్నాయి. నన్నడిగితే అసలు దెబ్బ అద్దెలదీ, చదువుకున్న పిల్లలు గల్లాపెట్టె దగ్గర కూర్చోనని సాఫ్ట్‌వేర్‌కి పోవడందీ. మెట్రో పనులకి రోడ్డు తవ్వినన్నాళ్లు మెయిన్ రోడ్డు కొట్ల ముందు బండి ఆపుకునే చోటే లేదు, 2017లో రైలొచ్చాక అద్దె ఇంకా పైకి పోయింది.

ఇప్పుడు మిగిలినవాళ్లు ఎక్కువగా సొంత బిల్డింగ్ ఉన్నవాళ్లే. క్యూఆర్ కోడ్ పెట్టారు, వాట్సాప్‌లో లిస్టు పెడితే సరుకు ఇంటికి పంపిస్తారు. ఖాతా పుస్తకం కూడా ఉంది, కాకపోతే అందులో ఉద్యోగుల పేర్లు తగ్గి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, మేస్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల పేర్లు ఎక్కువయ్యాయి.