నీటిబొట్టు బండి కట్టాలనుకునే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మీరు గీసి పంపిన బొమ్మను కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను. ముందు గుండ్రంగా, వెనుకకు వాలుగా బండి ఆకారం చక్కగా కుదిరింది. తలుపు మీద నక్షత్రాలు, లోపల దీపాల తోరణం, చివరికి దిండ్ల రంగులు కూడా నిర్ణయించేశారు. చక్రాలను మాత్రం సరిగ్గా నడిమధ్య రెండు సున్నాలు చుట్టి వదిలేశారు. ఈ ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఆ సున్నాల గురించే.

టియర్‌డ్రాప్ ట్రైలరు అంటే మీ నీటిబొట్టు బండే: కారు వెనుక తగిలించి లాగే చిన్న పడకగది, దాని వెనుక మూత ఎత్తితే వంట అర. దాన్ని మొదటిసారి కట్టేవారు సాధారణంగా భయపడేది దాని వంపుకు. వంపు ఓపికకు లొంగే పనే. అసలు జాగ్రత్త పడాల్సినవి ఫొటోలో కనిపించవు: బరువు ఎక్కడ పడుతోంది, వాన నీరు ఏ సందులో దూరుతోంది, లోపల పడుకున్నవారికి గాలి ఎటునుంచి వస్తోంది. మీ శ్రద్ధలో ఎక్కువ పాలు వీటికే దక్కాలి.

ఈ బండి కొత్త ఊహేమీ కాదు. 1930లలోనే అమెరికాలో పెద్ద ట్రైలరు కొనలేనివారు దీన్ని ఇంటి దగ్గరే కట్టుకునేవారు. చేతిపనుల పత్రికలు పటాలు అచ్చువేసేవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మోజు ఇంకా పెరిగింది. అప్పటి కొలతలే నేటికీ చెల్లుతున్నాయి, ఎందుకంటే వాటిని నిర్ణయించింది ప్లైవుడ్ పలక. పలక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే 244 సెంటీమీటర్లకు 122. ఒక్కో పక్క గోడ ఒక్కో పలకలో వచ్చేస్తుంది. బండి వెడల్పు కూడా 4 అడుగులే అయితే నేలకు, కప్పుకు అతుకులు తగ్గుతాయి. కాకపోతే 4 అడుగుల పరుపు మీద ఇద్దరు పెద్దవాళ్లు పడుకుంటే ఒకరి మోచేయి ఇంకొకరికి తగులుతూనే ఉంటుంది. 5 అడుగులు సుఖం, కానీ పలకలు అతకాలి, బరువు పెరుగుతుంది. నిర్ణయించుకునే ముందు పాత అట్టపెట్టెలు విప్పి, అసలు కొలతల్లో గది నిలబెట్టి అందులో పడుకుని చూడండి. కూర్చుంటే తల తగులుతోందా, కాళ్లు చాపితే ఎక్కడ ఆగుతున్నాయి అన్నది ఏ పటమూ ఇంత బాగా చెప్పదు. 8 అడుగుల బండిలో పడకకు, వంట అరకు చోటు చాలదేమోనని మీకు అనుమానం రావచ్చు. అందుకే పాదాలను వంట బల్ల కిందికి పోనిచ్చి, పైన మిగిలిన చోటును అలమారా చేస్తారు.

ఇక ఆ సున్నాలు. ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది, వెనుకకు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. ట్రైలరుకూ ముందుకు చాచిన నొగ ఉంటుంది, దాని కొస కారు వెనుక బిగించిన ఇనుప గుండుకు తగులుకుంటుంది. ఆ కొస మీద పడే బరువు మొత్తం బండి బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తక్కువైతే వేగం పెరిగేకొద్దీ బండి తోక ఊపడం మొదలుపెడుతుంది. ఊపు ఒక్కసారి పెరిగితే కారునే దారి మళ్లిస్తుంది. మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాల పట్టు సడలుతుంది. అందుకే ఇరుసును సరిగ్గా మధ్యలో కాక, బరువు కేంద్రానికి, అంటే బండి తూకం కుదిరే చోటికి, కొంచెం వెనుకగా బిగిస్తారు.

లెక్క మీ బడిలో చెప్పిన తులాదండం లెక్కే. బండి బరువు 450 కిలోలనుకోండి. ఇరుసు నుంచి నొగ కొసకు 250 సెంటీమీటర్లు, బరువు కేంద్రం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు. 450ని 30తో గుణించి 250తో భాగిస్తే 54 కిలోలు, అంటే 12 శాతం. బాగానే ఉంది కదా? ఇప్పుడు వెనుక వంట అరలో నీళ్ల డబ్బా, పొయ్యి, గిన్నెలు కలిపి 40 కిలోలు, ఇరుసుకు 120 సెంటీమీటర్లు వెనుక పెట్టండి. అది నొగ మీది బరువులోంచి 19 కిలోలు తీసేస్తుంది. మిగిలేది 35. బండి మొత్తం 490 అయింది కాబట్టి ఇది 7 శాతమే. ఖాళీగా తూకం చూసి మురిసిపోయిన బండి, సామాను సర్దగానే ప్రమాదకరం అయిపోయింది. 25 కిలోల బ్యాటరీ, పనిముట్లను నొగ మీది పెట్టెలో, ఇరుసుకు 200 సెంటీమీటర్లు ముందు పెడితే 20 కిలోలు తిరిగి వస్తాయి. 515 కిలోలకు 55, అంటే దాదాపు 11 శాతం. అందుకే ఇరుసును ముందే బిగించేయకుండా, గోడలు, కప్పు, వెనుక మూత అన్నీ లెక్కవేసి, వీలైతే కొంచెం ముందుకు వెనుకకు జరిపే అవకాశం ఉంచుకుని బిగించమంటాను. పూర్తయ్యాక బండిని సమతలంగా నిలిపి, నొగ కొస కింద మనుషుల బరువు చూసే తూకం పెట్టి చూడొచ్చు. సామానుతో చూడాలి, ఖాళీగా కాదు.

నా మాట మీద నమ్మకం లేకపోతే అట్టతో చిన్న రెండు చక్రాల ట్రైలరు చేసి బొమ్మ కారుకు తగిలించండి. వాలు బల్ల మీద నుంచి వదిలి, నాణేలను ఒకసారి ముందు, ఒకసారి వెనుక పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

చట్రం విషయంలో నా అభిప్రాయం గట్టిది. వెల్డింగు నేర్చుకోవడం మంచిదే, కానీ నేర్చుకోవడానికి ట్రైలరు చట్రం తగిన చోటు కాదు. తయారు చట్రం కొనండి, లేదా చేయి తిరిగినవారితో చేయించండి. దానికన్నా ముందు మీ కారు పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో రాసి ఉంటుంది, అది చదవండి. రవాణా కార్యాలయంలో ఇంట్లో కట్టిన ట్రైలరుకు రిజిస్ట్రేషను ఎలా ఇస్తారో, బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరో అడగండి. ఒక్కో దేశానిది ఒక్కో నిబంధన. ఐరోపాలో 750 కిలోల లోపు ట్రైలరుకు సొంత బ్రేకులు లేకున్నా ఒప్పుకుంటారు, ఇంకో చోట అలా ఉండకపోవచ్చు. బండి కట్టాక అడగడం కన్నా చట్రం కొనకముందు అడగడం మేలు.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒక్కటి ఇంచుమించు 30 కిలోలు తూగుతుంది. అందుకని గోడను పూర్తి పలకగా ఉంచరు. అంచులు, తలుపు చుట్టూ, అలమారాలు బిగించే చోట్లు వదిలి మిగతాదంతా కోసి తీసేసి, ఆ ఖాళీల్లో అదే మందం ఫోమ్ పలకలు ఇరికించి, రెండు వైపులా పలుచటి ప్లైవుడ్ అతికిస్తారు. బరువు తగ్గుతుంది, ఎండ వేడీ చలీ లోపలికి తక్కువగా వస్తాయి. తలుపు బందులు ఎక్కడ పడతాయో మాత్రం కోయకముందే గుర్తు పెట్టుకోవాలి. ఫోమ్‌లో స్క్రూ నిలవదు.

వంపు గీయడానికి పలక మీద అక్కడక్కడ మేకులు కొట్టి, సన్నని సాగే పట్టీని వాటి వెంట వంచండి. పట్టీ తనంతట తాను తీసుకునే వంపే కంటికి ఇంపుగా ఉంటుంది. మొదటి గోడ కోసి, నునుపు చేసి, దాన్నే రెండోదాని మీద బిగించి, అంచులు చెక్కే రౌటరు యంత్రాన్ని అంచు వెంట నడిపితే రెండూ కవలల్లా వస్తాయి. ఇవి వేర్వేరుగా కోస్తే కప్పు మెలి తిరుగుతుంది. రంపం, రౌటరు పట్టేటప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. ఇందులో బేరం లేదు.

కప్పుకు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. పై పొర నార ఏ దిక్కున ఉందో చూడండి. నార బండి వెడల్పు వెంట అడ్డంగా ఉంటే పలక సులువుగా వంగుతుంది, పొడవు వెంట ఉంటే మొరాయిస్తుంది. మామూలు పలకల్లో నార పొడవు వెంట ఉంటుంది కాబట్టి, 4 అడుగుల బండికి పలకను రెండు చదరాలుగా కోసి తిప్పి వేయండి, అతుకు కప్పు అడ్డపట్టీ మీద పడేట్టు చూసుకోండి. ముందు భాగంలో వంపు బిగువుగా ఉన్నచోట వేడి నీళ్లతో తడిపి, బెల్టులతో బిగించి ఆరనిచ్చి, తర్వాతే జిగురు పూయాలి. తడి మీద జిగురు పట్టదు.

అన్నింటికన్నా మొండిది వెనుక మూత. దాని పక్క వంపులను సన్నని పట్టీలు పొరలు పొరలుగా అతికించి అచ్చు మీద చేస్తే, అచ్చు నుంచి తీయగానే అవి కాస్త విచ్చుకుంటాయి. కాబట్టి అచ్చును కావలసిన దానికన్నా కొంచెం బిగువుగా చేసుకోవాలి. పై పలక అతికించేటప్పుడు మూతను బండి మీదే, రబ్బరు సీలు మందం అంత సందు వదిలి, మూసిన స్థితిలో బిగించి ఉంచండి. బల్ల మీద పెట్టి అతికించిన మూత తర్వాత బండికి సరిపోకపోవడం చాలామందికి జరిగేదే.

వాన చాలామటుకు ఆ మూత బందు దగ్గరే లోపలికి వస్తుంది. ఆ తర్వాత కప్పు, గోడ కలిసే అంచులు, కిటికీలు, స్క్రూ రంధ్రాలు. ప్లైవుడ్ ముఖం మీద పడిన నీరు జారిపోతుంది. కోసిన అంచులో దూరిన నీరు మాత్రం పొరల మధ్యకు పాకి, రంగు కింద కనిపించకుండా కుళ్లబెడుతుంది. పడవలు కట్టేవారు ఇందుకో మంచి ఉపాయం వాడతారు. రంధ్రాన్ని కావలసిన దానికన్నా పెద్దగా వేసి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో నింపి, గట్టిపడ్డాక అందులో మళ్లీ సన్న రంధ్రం వేస్తారు. స్క్రూ వెంట నీరు వచ్చినా చెక్కను తాకదు. అంచు పట్టీల కింద నీరు దూరనివ్వని జిగట పట్టీ, బ్యూటైల్ టేపు వేయండి. సిలికాన్ దగ్గరికి పోవద్దు. దాని మీద రంగు నిలవదు, రేపు మరమ్మతుకు ఇంకో సీలెంటు అంటదు, గీకినా దాని జిడ్డు పోదు. మూత రెండు పక్కలా నీరు దిగిపోయే సన్న కాలువ ఉంటే రబ్బరు సీలు మీద భారం తగ్గుతుంది. చట్రానికి ఎక్కించేముందు నేల అడుగు భాగానికి రెండు మూడు పూతలు వేయండి. బిగించాక అక్కడికి చేయి పోదు.

పరీక్ష మీకు నచ్చుతుంది. ఒకరు బయట గొట్టంతో నీళ్లు కొట్టాలి, ఇద్దరు లోపల టార్చి, సుద్దముక్క పట్టుకుని కూర్చుని తడి కనిపించిన చోటల్లా గీత గీయాలి. లోపలి అలంకారం, పరుపు ఈ పరీక్ష తర్వాతే.

గాలి సంగతి చిన్నదిగా అనిపిస్తుంది, కాదు. ఇంత చిన్న గదిలో ఇద్దరు నిద్రపోతే వారి ఊపిరి తేమకే తెల్లవారేసరికి గోడలు చెమర్చుతాయి. కప్పు మీద ఫ్యాను ఒక్కటే చాలదు, గాలి లోపలికి వచ్చే దారి కిందివైపు వేరే ఉండాలి. పొయ్యి గాని, నిప్పుల కుంపటి గాని, గ్యాసు హీటరు గాని లోపల వెలిగించకూడదు, చలి ఎంత ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారు లేవరు. దాన్ని పసిగట్టి మోగే అలారం ఒకటి తప్పక బిగించండి. వంట గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండరు పెట్టె బయటివైపే ఉండి, దాని అడుగున గాలి రంధ్రాలు ఉండాలి.

కరెంటు గురించి మీరు చాలా అడిగారు గానీ అది సులువు. 12 వోల్టుల బ్యాటరీ, దాని ధన కొసకు వీలైనంత దగ్గరగా ఫ్యూజు. 3 వాట్ల ఎల్‌ఈడీ దీపం పావు ఆంపియరు తీసుకుంటుంది. రాత్రంతా ఫ్యాను మెల్లగా తిరిగి, రెండు ఫోన్లు ఛార్జి అయినా మొత్తం 8, 10 ఆంపియర్ గంటలు దాటదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 50 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు మూడు రాత్రులు వస్తుంది. నక్షత్రాల రంగు మీ ఇష్టం.

మొదటి ప్రయాణం దగ్గరి చోటికి, ఖాళీ రోడ్డు మీద, పెద్దవాళ్లే నడపాలి. తోక ఊగుతున్నట్టు అనిపిస్తే సడన్ బ్రేకు వేయకుండా, స్టీరింగు తిప్పి సరిచేయబోకుండా, కాలు మెల్లగా ఎత్తి వేగం తగ్గనివ్వాలి. తర్వాత బండి ఆపి సామాను ముందుకు సర్దాలి. 50, 100 కిలోమీటర్లు పోయాక చక్రాల నట్లు మళ్లీ బిగించాలి, కొత్తగా బిగించినవి సర్దుకుని వదులవుతాయి. ఆగినప్పుడు చక్రం నడిమి హబ్ దగ్గర చేయి జాగ్రత్తగా ఆనించి చూడండి. ఒకటి రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే ఆ బేరింగులో గ్రీజు చూడాలి. బయల్దేరే ప్రతిసారీ నొగ కొసను కారు గుండుకు పట్టి ఉంచే కప్లరు గడియ, నొగ కింద అడ్డంగా వేసిన రెండు గొలుసులు, వెనుక దీపాల తీగ, వంట మూత గడియ, వీటిని ఇద్దరు విడివిడిగా చూడాలి. ఒకరు చూశారని రెండోవారు ఊరుకోకూడదు.

మీ
తాతయ్య