టెంటు కొనాలా, వేసి ఉంచిన టెంటులో దిగాలా?

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో గోదారి ఒడ్డున రెండు రాత్రులు పడుకోవాలని ఉందనీ, అందుకు సొంత టెంటు కొనుక్కోవాలో, వేసి ఉంచిన టెంట్లలో దిగాలో తేలడం లేదనీ రాశారు. ఉత్తరం నిండా ధరల లెక్కే ఉంది. మన వైపు ధరకంటే ముందు చూడాల్సింది తేమ. టెంటు కొన్నాక ఎక్కడ ఆరబెడతారు? దీనికి జవాబుంటే కొనండి. లేకపోతే ఈసారికి అద్దె టెంటే మేలు.

ఎందుకో చెబుతాను. జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేసి, టెంటు పైగుడ్డ లోపలి వైపు చూడండి. ఆవగింజలంత నీటిబొట్లు పట్టి ఉంటాయి. వేలు తగిలితే రెండు మూడు కలిసి చారలా జారి దుప్పటి మీద పడతాయి. టెంటు కారుతోందని కంగారు పడతారు చాలామంది. అది కారడం కాదర్రా. నిద్రలో ఊపిరిలోనూ చెమటలోనూ కలిపి ఒక్కో మనిషి నుంచి పావు లీటరు దాకా నీరు ఆవిరై పోతుంది. బయట మంచుకు చల్లబడ్డ గుడ్డకు ఆ ఆవిరి తగిలి మళ్ళీ నీరవుతుంది. ఏటి గాలిలో తేమ ఎలాగూ తోడుంటుంది. అందుకే మనకు ఒంటి గుడ్డ టెంటు పనికిరాదు. లోపల దోమతెర లాంటి గది, పైన వేరే గుడ్డ ఉండాలి. ఆ రెంటికీ మధ్య బెత్తెడు సందు ఉండేలా తాళ్ళు బిగించాలి. రెండూ అంటుకుంటే లోపల కూడా తడే. చలి వేస్తోందని గాలి కిటికీలు మూసేస్తే బొట్లు ఇంకా పెరుగుతాయి.

ఆ తడి టెంటును పొద్దున్నే చుట్టి, సంచిలో కుక్కి, ఇంటికొచ్చి అటక మీద పడేస్తే నాలుగైదు రోజుల్లో బూజు పట్టి నల్లమచ్చలు పడతాయి. పదే పదే అలా చేస్తే గుడ్డకు లోపల వేసిన పూత జిగురుగా మారి, చేప పొలుసుల్లా ఊడిపోతుంది. అప్పటినుంచి నిజంగానే కారుతుంది. వచ్చిన రోజే లోగుడ్డ, పైగుడ్డ విడదీసి నీడలో దండెం మీద వెయ్యాలి. అడుగు భాగం తిరగెయ్యాలి, అక్కడే తడి దాక్కుంటుంది. రోజుల తరబడి ఎండలో వదిలేస్తే మాత్రం నైలాన్ చివికిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డుకు తీసుకెళితే ముందు మంచినీళ్ళతో కడగండి. ఉప్పు తేమను లాగుతుంది, ఇసుకతో కలిసి జిప్పును పట్టేస్తుంది. సబ్బుపొడి, వాషింగ్ మిషను వద్దు.

ఇక కొనేటప్పుడు. ఇద్దరి టెంటు అని రాసి ఉంటే ఇద్దరు భుజాలు రాసుకుంటూ పడుకోగలరని అర్థం, సంచులకు చోటుండదు. ముగ్గురు వెళితే నలుగురి టెంటు తీసుకోండి. నీటి ఒత్తిడిని ఎంత ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. పైగుడ్డకు 2000, అడుగుకు 3000 ఉంటే మన అవసరానికి చాలు. ఫైబర్ పోల్స్ చవకే కానీ నిలువునా చీలి, ఈనెలు చేతికి గుచ్చుకుంటాయి. పోల్ మీదికి తొడిగే చిన్న గొట్టం, టేపు వెంట ఉంచుకోండి. సున్నా డిగ్రీల స్లీపింగ్ బ్యాగు మాత్రం కొనకండి. కోనసీమ చలికి అందులో ఉడికిపోతారు. చాప, బొంత, దుప్పటి చాలు.

టెంటుతో వచ్చే సన్న మేకులు లంకల ఇసుకలో నిలవవు, ఒక్క గాలికే లేచిపోతాయి. మూరెడు కొబ్బరిమట్ట ముక్క తీసుకుని, నడుమ తాడు కట్టి, అడుగున్నర లోతు గోతిలో తాడుకు అడ్డంగా పడుకోబెట్టి, ఇసుక పోసి తొక్కండి. తాడు ఎంత లాగితే అంత బిగుస్తుంది. మట్ట దొరకకపోతే సిమెంటు సంచిలో ఇసుక నింపి పాతినా సరే. టెంటు కింద పరిచే పట్టా అంచులు బయటికి కనబడకూడదు. కనబడితే వాననీరు పట్టా మీదుగా మీ కిందికే చేరుతుంది.

కొబ్బరిచెట్టు కింద వెయ్యొద్దు, కాయో మట్టో ఎప్పుడు రాలుతుందో తెలియదు. గడ్డిమేటు పక్కన వద్దు, ఎలుకలుంటాయి, వాటికోసం రక్తపింజరి వస్తుంది. ఏటి మధ్య ఇసుకతిన్నె మీద అసలే వద్దు. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తినా, కింది పాయల్లో పోటు ఎక్కినా నీరు ఒడ్డెక్కుతుంది. అమావాస్యకు, పున్నమికి పోటు మరీ ఎక్కువ. కోరింగ మడ అడవి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ టెంటు వెయ్యకూడదు.

అద్దె టెంటైతే ముందు ఫోను చేసి మూడు సంగతులు అడగండి. కింద దిమ్మ ఉందా, నేల మీదే వేశారా? పరుపులు ఎండలో వేస్తారా? రాత్రి వాన పడితే ఎక్కడికి మారుస్తారు? దిగగానే చాప ఎత్తి చూసి, ముక్కిపోయిన వాసన వస్తే వేరేది ఇవ్వమనండి. దోమతెర చిరుగులు, జిప్పు చూసుకోండి. కుంపటి గానీ, గ్యాసు స్టవ్వు గానీ లోపలికి రానివ్వకండి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మీ లెక్కకూ ఒక మాట. సామాను 8,000, అద్దె రాత్రికి 2,000 అనుకుంటే నాలుగు రాత్రులకు సరిపోయిందని రాశారు. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వరదలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, ఎండాకాలం ఉక్కపోత. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే మనకు వీలు. ఆ మూడు నెలల్లో మీకెన్ని సెలవులొస్తాయో చూసి లెక్క మళ్ళీ వెయ్యండి. నా మాట వింటే ఈ పండక్కి అద్దె టెంటులో పడుకోండి. తలకు కట్టుకునే లైటు, చాపలు మాత్రం కొనుక్కోండి, అద్దె టెంటుకైనా, సొంత టెంటుకైనా పనికొస్తాయి.

వచ్చే ఏడు కొనేటట్టయితే, మీ అపార్టుమెంటు డాబా మీద నాలుగు మీటర్ల దండెం కట్టుకోనిస్తారేమో ఇప్పుడే అడిగి నాకు రాయండి.

ఇట్లు,
తాతయ్య