పెద్దమ్మ తుంటి ఎముక, ఓడరేవు క్రేను

పోయిన కార్తీకంలో మా పెద్దమ్మ స్నానాల గదిలో జారిపడింది. విశాఖలోని ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు. తుంటి గిన్నెలో ఇమిడే బంతి, దాని కింద సన్నని మెడ, ఆ మెడకు అడ్డంగా నల్లటి గీత. విరిగిన చోటు అర్థమయ్యాక నా చూపు విరగని రెండో కాలి మీదికి పోయింది. బంతి పైనుంచి లోపలి అంచు వైపు దిగే సన్నని తెల్లని చారలు, వాటిని దాటుకుంటూ విల్లులా వంగి పోయే మరో వరుస చారలు. చెయ్యి తిరిగిన మేస్త్రీ కొలిచి గీసినట్టున్నాయి. అదే కిటికీలోంచి దూరంగా ఓడరేవు క్రేన్లు కనిపిస్తున్నాయి.

ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం పాతదే. 1866లో జూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు తొడ ఎముకను నిలువునా కోసి లోపలి చారలను చూపించాడు. వాటిని చూసిన కార్ల్ కుల్మన్ వంతెనల లెక్కలు నేర్పే ఇంజనీరు. వంపు తిరిగిన క్రేనుకు బరువు వేలాడదీస్తే లోపల నొక్కుడూ లాగుడూ ఏ దారుల్లో సాగుతాయో తాను కాగితం మీద గీసే రేఖలే ఎముకలో ఆయనకు కనిపించాయి. ఈ పోలిక అన్ని విధాలా సరిపోదని తరువాతివారు తేల్చారు గానీ అసలు సంగతి నిలిచింది. బరువు పడే దారిలో ఎముక గట్టిపడుతుంది, పడని చోట పలచబడుతుంది. 1892లో యూలియస్ వోల్ఫ్ దీన్ని సూత్రంగా ప్రకటించాడు. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి, నడుము భాగాల ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత కోల్పోతాయి.

తుంటి మోసే బరువు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని తీసుకుందాం. అడుగు వేసేటప్పుడు ఒక క్షణం ఆమె ఒంటికాలి మీద ఉంటుంది. గంప బరువు ఒంటి మధ్యగా దిగుతుంది. ఆనుకున్న కాలి తుంటి కీలు దానికి ఓ పక్కన ఉంటుంది. కావడి బద్దను మధ్యలో కాకుండా ఒక కొసకు దగ్గరగా భుజాన పెట్టుకున్నట్టే. రెండో పక్క పొట్టి కొసను పట్టి ఉంచేది తుంటి బయటి కండరం. బరువు వైపు దూరం కండరం వైపు దూరానికి సుమారు రెండింతలు కాబట్టి ఆ కండరం రెండింతల బలంతో లాగాలి. బరువూ లాగుడూ కలిసి కీలు మీద పడేది మూడింతలు. గంపలో 20 కిలోలుంటే తుంటికి అవి 60 కిలోలు. ఇది వేళ్ల మీద వేసుకునే లెక్క. జర్మనీలో కృత్రిమ కీళ్లలో సెన్సర్లు అమర్చి కొలిచినప్పుడు మామూలు నడకలోనే ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు తేలింది. కాలు తడబడినప్పుడు అది ఎనిమిది రెట్ల దాకా పోయింది.

పడకముందు రెండేళ్ల కిందట పెద్దమ్మకు ఎముక సాంద్రత పరీక్ష చేయించాం. పడుచు వయసువారి సగటు ఎముకతో పోల్చి ఆ పరీక్ష ఒక అంకె ఇస్తుంది, అది ఎంత కిందికి దిగితే ఎముక అంత పలచన. ప్రమాద రేఖ మైనస్ 2.5. ఆమెది దానికి పైనే ఉంది, మేము నిశ్చింతగా ఉన్నాం. నిజానికి పెద్ద వయసులో ఎముక విరిగేవారిలో చాలామంది ఆ రేఖకు పైనున్నవారే. సాంద్రత ఎముకలో ఎంత సరుకుందో చెబుతుంది, ఆ సరుకు ఎక్కడెక్కడ ఎలా అమరిందో చెప్పదు. ఎంత ఇనుము కొన్నారో బిల్లు చూసి క్రేను ఎంత బరువెత్తుతుందో ఎవరు చెప్పగలరు?

చెప్పాలంటే ఆ మనిషి ఎముకనే లెక్కలోకి తేవాలి. విమానాల రెక్కల కోసం 1950ల్లో రూపుదిద్దుకున్న ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఆ పని చేస్తుంది. 1972లో దాన్ని తొడ ఎముక మీద ప్రయోగించారు. సీటీ స్కాన్‌లో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. గాలికి మైనస్ 1000, నీటికి సున్నా, గట్టి ఎముకకు వెయ్యి పైన. ఆ అంకెను బట్టి ఆ చోట ఎముక ఎంత బిగువుగా ఉందో అంచనా కట్టి, మొత్తం ఎముకను లక్షల చిన్న ముక్కలుగా విడగొడతారు. ముక్కల మూలలన్నీ కలిపి చూస్తే చేపలు పట్టే వలలా ఉంటాయి. ఒక ముడిని లాగితే పక్క ముడి కదులుతుంది, ఆ కదలిక మరో నాలుగు ముడులకు పాకుతుంది. ప్రతి ముడికీ కొన్ని సమీకరణాలు. కంప్యూటర్ వాటన్నిటినీ ఒక్కసారిగా సాధించి, పక్కకు పడితే ముందుగా ఏ చోట, ఎంత బలానికి తెగుతుందో చెబుతుంది.

దీన్ని నమ్మడానికి కారణం కంప్యూటర్ తెర మీది రంగుల బొమ్మ కాదు. దేహదానంగా వచ్చిన ఎముకలకు ముందు స్కాన్ తీసి, లెక్క వేసి, ఆ తరువాత యంత్రంలో బిగించి విరిగేదాకా నొక్కి చూశారు. విరిగిన బలాన్నీ లెక్కలోని బలాన్నీ పక్కపక్కన పెట్టారు. ఈ రంగం నాకు ఇష్టం కావడానికి మొదటి కారణం ఆ నిజాయితీ.

గుండె విషయంలో ఇలాంటి లెక్క ఇప్పటికే వైద్యంలోకి వచ్చింది. 70 శాతం బ్లాకు అనగానే ఇంట్లో అందరి గుండెలూ జారిపోతాయి. నిజంగా తెలియాల్సింది దాన్ని దాటాక రక్తపు ఒత్తిడి ఎంత మిగులుతుందన్నది. మామూలుగా నాళంలోకి సన్నని తీగ పంపి కొలుస్తారు. అవతలి ఒత్తిడి ఇవతలి దానిలో 0.80 వంతు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే స్టెంటు గురించి ఆలోచిస్తారు. తీగ పంపకుండా, సీటీ స్కాన్ నుంచే ఆ నిష్పత్తిని లెక్కించే విధానానికి 2014లో అమెరికా అనుమతి దొరికింది. అందులో వాడేవి నేవియర్, స్టోక్స్ అనే ఇద్దరి పేరుతో ఉన్న 19వ శతాబ్దపు సమీకరణాలు. హిందుస్థాన్ షిప్‌యార్డు లాంటి చోట్ల నౌక పొట్టు చుట్టూ నీరు ఎలా పారుతుందో అర్థం చేసుకోవడానికి ఆధారం కూడా అవే.

పెద్దమ్మకు విరిగిన బంతి తీసేసి లోహపు బంతి పెట్టారు. దాని కాడ తొడ ఎముక లోపలికి దిగి ఉంటుంది. టైటానియం గట్టి ఎముక కంటే ఐదారు రెట్లు బిగువు, ఉక్కు దాదాపు పది రెట్లు. బిగువైన కాడ భారం తానే మోసేస్తే చుట్టూ ఉన్న ఎముకకు పని తగ్గుతుంది. పని తగ్గిన ఎముక ఏమవుతుందో వోల్ఫ్ చెప్పాడు. ఏ కొలత కాడ, ఏ కోణంలో పెడితే ఎముకకు తగినంత పని మిగులుతుందో కోత పెట్టకముందే తెర మీద పది రకాలుగా పెట్టి చూడవచ్చు. పాడైన ఎముకను వెనక్కి తేలేం, పాడైన నమూనాను తుడిచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఇంటికి పంపే రోజు పెద్దమ్మ డాక్టరును ఒకే ఒక్క మాట అడిగింది. "బాబూ, పీట మీద కూర్చుని పూజ చేసుకోవచ్చా?" బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు, వద్దు, కుర్చీ వేసుకోండి అన్నారాయన. అందరికీ చెప్పే జాగ్రత్త అది, సరైనదే. ఆమె కాడ ఏ కోణంలో ఉంది, తుంటి దగ్గర కాలు ఎంత మడిస్తే లోహపు మెడ గిన్నె అంచుకు తగులుతుంది అన్నది ఆమె స్కాన్ నుంచే లెక్క కట్టవచ్చు. అయితే సెన్సర్లున్న కీళ్లతో జర్మనీలో కొలిచినవి ప్రధానంగా నడక, మెట్లు, కుర్చీలోంచి లేవడం. పీట మీద బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, నెత్తిన గంపతో ఇసుకలో నడక ఇక్కడి ఒళ్లు చేసే పనులు. వాటి కొలతలు లేకుండా ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా పెద్దమ్మకు జవాబు రాదు. 1923 నుంచి డాక్టర్లను తయారుచేస్తున్న ఆంధ్రా మెడికల్ కాలేజీ, ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. మొదటి కొలత ఫిషింగ్ హార్బర్ దగ్గర, ఆ గంపల వాళ్లతోనే మొదలుపెట్టాలని నా కోరిక. రెండోది పీట మీద.