వెనక తలుపు దగ్గర ఏం జరిగింది: స్టూడియో 54 నేపథ్యం

2027 ఏప్రిల్ 26కు న్యూయార్క్‌లోని డిస్కో నైట్‌క్లబ్ స్టూడియో 54 తెరుచుకుని యాభై ఏళ్లు. ఆ పేరు ఎత్తినప్పుడల్లా లేచే తగవు ఒకటే: అది అందరినీ కలిపిన చోటా, మనుషులను ఏరి పక్కన పెట్టిన చోటా? దాని యజమానులు స్టీవ్ రూబెల్, ఇయన్ ష్రేగర్ అనే ఇద్దరు బ్రూక్లిన్ మిత్రుల సంగతి, పాత ఒపేరా భవనం మొదట టీవీ స్టూడియోగా, తర్వాత క్లబ్బుగా మారిన వైనం, తెల్లగుర్రం మీద బియాంకా జాగర్ (రాక్ గాయకుడు మిక్ జాగర్ అప్పటి భార్య) ఫొటో అందరూ చెప్పి చెప్పి అరగదీసినవే. (ఆమె గుర్రమెక్కి క్లబ్బులోకి రాలేదు. లోపలున్న గుర్రం మీద కాసేపు కూర్చుంది, అంతే. ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకు దశాబ్దాలు పట్టింది.) తగవు తేల్చే రాత్రి వేరే ఉంది.

1977 డిసెంబరు 31. షిక్ అనే డిస్కో సంగీత బృందాన్ని నడిపే నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ ఆ చలిలో సూటూ బూటూ వేసుకుని వచ్చారు. ఇద్దరూ నల్లజాతి సంగీతకారులు. అప్పటికే వారి పాటలకు అమెరికా క్లబ్బులు ఊగుతున్నాయి. ఆ రాత్రి లోపల పాడుతున్న గ్రేస్ జోన్స్, కలిసి పనిచేయడం గురించి మాట్లాడదామని పిలిచింది. వెనకవైపు తలుపు దగ్గర తన పేరు చెబితే చాలంది. చెప్పారు. జాబితాలో లేరన్నారు. మళ్లీ అడిగితే కాపలా మనిషి ఒక బూతు మాట విసిరి, మొహం మీదే తలుపు వేశాడు.

దగ్గర్లోనే ఉన్న రాడ్జర్స్ ఇంటికి వెళ్లి షాంపేన్ తాగారు. ఒకరు గిటారు, ఒకరు బేసు అందుకుని, తిన్న తిట్టునే పల్లవి చేసుకుని వాయించారు. రేడియోలో వేయలేని ఆ మాటను తర్వాత మార్చారు. అదే 'లె ఫ్రీక్'. 1978 డిసెంబరులో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. చోద్యం ఏమిటంటే, తమకు తలుపు తీయని ఆ క్లబ్బుకే రమ్మని ఆ పాట జనాన్ని పిలుస్తుంది. పరాభవం జరిగినా మోజు తగ్గలేదు. స్టూడియో 54 ఆకర్షణ మీద వచ్చిన రాతలన్నిటిలోనూ నాకు ఈ ఒక్క సంగతే పనికొచ్చింది.

ఆ మోజు తయారయ్యేది తలుపు దగ్గరే. ముఖమల్ తాడు వెనక, ఎవరిని రానివ్వాలో తేల్చే 19 ఏళ్ల మార్క్ బెనెక్. ఒక్కోసారి పక్కనే రూబెల్. జంటగా వచ్చినవారిలో ఒకరిని రమ్మని, రెండోవారిని వీధిలోనే ఉంచిన రోజులున్నాయి. యజమానిని కాకపోయి ఉంటే తననూ లోపలికి రానిచ్చేవారు కాదని రూబెల్ నవ్వుతూ అనేవాడట.

ష్రేగర్ వైపు మాట వేరు. లోపలికి వెళ్లాక తేడాలు లేవు, స్వలింగ సంపర్కులైన యువకులు, సినిమా తారలు, పేరులేని మామూలు మనుషులు ఒకే నేల మీద ఆడారు అంటారు. అబద్ధం కాదు. కానీ ఆ కలయికకు కొత్తదనం ఆపాదించడం కుదరదు. 1970 నుంచే న్యూయార్క్‌లో డేవిడ్ మంకూసో అనే డీజే తన సొంత నివాసంలో, మద్యం అమ్మకుండా, నల్లవారినీ లాటినోలనూ స్వలింగ సంపర్కులనూ పిలిచి తెల్లవార్లూ ఆడించేవాడు. అక్కడా పిలుపు ఉంటేనే ప్రవేశం. కాకపోతే ఆ పిలుపు, మరెక్కడా చోటు దొరకనివారికి అందేది.

తలుపు దగ్గర, బార్ల దగ్గర చేరిన నగదే చివరికి కొంప ముంచింది. లాభాల్లో తమను మించింది మాఫియా ఒక్కటేనని రూబెల్ 1977లోనే ఒక పత్రికతో గొప్పలు పోయాడు. 'లె ఫ్రీక్' మొదటి స్థానానికి చేరిన నెలలోనే, 1978 డిసెంబరు 14న, పన్ను అధికారులు దాడి చేశారు. చెత్త సంచుల్లో నోట్లు, రెండో లెక్కల పుస్తకం దొరికాయి. 25 లక్షల డాలర్లు నొక్కేశారని అభియోగం. నేరం ఒప్పుకున్నాక 1980 జనవరిలో ఇద్దరికీ మూడున్నరేళ్ల శిక్ష పడింది. జైలుకు వెళ్లే ముందు వీడ్కోలు విందు కూడా అక్కడే చేసుకున్నారు. ఇతర క్లబ్బుల పన్ను ఎగవేత గురించి అధికారులకు ఉప్పందించడంతో శిక్షా కాలం తగ్గింది. తమ తలుపు దగ్గర ఎవరికీ చూపని దయ వారికి ఆ రకంగా దొరికింది.

రూబెల్ 1989లో 45 ఏళ్ల వయసులో పోయాడు. హోటళ్ల వ్యాపారంలో పెద్దవాడైన ష్రేగర్‌కు 2017 జనవరిలో ఒబామా క్షమాభిక్ష ప్రకటించారు. ఆ భవనం ఇప్పుడు రౌండబౌట్ నాటక సంస్థది. సీటు నంబరు ఉన్న టికెట్ కొంటే ముందు తలుపు గుండానే లోపలికి వెళ్లవచ్చు.