టీకాపై మొదట సందేహపడింది ఆరోగ్య సిబ్బందే

నలభై ఏళ్ల మనిషి ఎవరైనా ఉన్నట్టుండి గుండెపోటుతో పోయారంటే చాలు, కోనసీమలోనూ గోదావరి పశ్చిమ డెల్టాలోనూ పరామర్శకు వచ్చినవాళ్ల నోట కరోనా టీకా మాట వస్తోంది. 2025 జూలైలో ఆ మాటకు కొత్త బలం చేకూరింది. కర్ణాటకలోని హాసన్ జిల్లాలో జరిగిన వరుస మరణాలపై స్పందిస్తూ ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, టీకాకు హడావుడిగా అనుమతి ఇవ్వడం కూడా ఒక కారణం అయి ఉండవచ్చన్నారు. మర్నాడే కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని తోసిపుచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి, ఎయిమ్స్ జరిపిన అధ్యయనాల్లో టీకాకూ హఠాన్మరణాలకూ సంబంధం కనిపించలేదని ప్రకటించింది. రెండు ప్రకటనలూ దాదాపు ఒకేసారి ఫోన్లలోకి చేరాయి. ఎవరికి నచ్చింది వారు దాచుకున్నారు. ఇప్పుడు వాదన పాత టీకా దగ్గర ఆగడం లేదు. రేపు ఇంకో మహమ్మారి వచ్చి ఇంకో కొత్త టీకా వస్తే వేయించుకుంటారా అని అడిగితే, అప్పట్లో రెండు డోసులూ వేయించుకున్నవారిలోనే కొందరు అడ్డంగా తల ఊపుతున్నారు.

వైరస్ ఎలా వచ్చింది, లాక్‌డౌన్ ఎలా గడిచింది అన్నవి అందరికీ తెలిసిన సంగతులు. ఈ అనుమానం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 2021 జనవరిలోని మూడు వారాలు చూడాలి.

ఆ ఏడాది జనవరి 3న కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండింటికీ అత్యవసర వినియోగ అనుమతి ఇచ్చింది. కోవిషీల్డ్‌కు విదేశాల్లో జరిగిన పరీక్షల ఫలితాలు అప్పటికే ఉన్నాయి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసిన కోవాగ్జిన్ మూడో దశ పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. 25,800 మంది మీద జరగాల్సిన ఆ పరీక్షల్లో టీకా ఎంత శాతం పనిచేస్తుందో తేలలేదు. అయినా ‘క్లినికల్ ట్రయల్ పద్ధతిలో’ వాడవచ్చన్న షరతు మీద అనుమతి వచ్చింది. మన గడ్డ మీద తయారైన టీకా అన్న గర్వం గోదావరి జిల్లాల్లోనూ ఉంది. కానీ జబ్బ చాపాల్సి వచ్చినప్పుడు ముందుకొచ్చింది ఆ షరతే.

జనవరి 16న దేశమంతటా టీకా మొదలైంది. ఆరోగ్య కేంద్రాల్లో మూడు గదులు సిద్ధం చేశారు. ఒకటి వేచి ఉండడానికి, ఒకటి టీకా వేయడానికి, మూడోది వేశాక అరగంట కూర్చోబెట్టి గమనించడానికి. ఆంధ్రప్రదేశ్‌లో 332 కేంద్రాలు, కేంద్రానికి వందమంది. మొదటి రోజు వేయించుకున్నది 18 వేల పైచిలుకు, అంటే పిలిచినవారిలో సగానికి కాస్త పైన. ఆ సంఖ్యతోనే రాష్ట్రం దేశంలో ముందు వరుసలో నిలిచింది. మిగతా సగం ఎవరన్నదే ఇక్కడ అసలు విషయం. ఆ రోజు పిలిచింది ఊరి జనాన్ని కాదు. డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది వంటివారే ఆ జాబితాలో ఉన్నారు. పసిపిల్లలకు పోలియో చుక్కలు వేసే చేతులు, బాలింతలకు సూదిమందు గురించి నచ్చజెప్పే నోళ్లు, తమ వంతు వచ్చేసరికి ఆగాయి.

వాళ్లకు చదువు లేకనో, పుకార్లు నమ్మో ఆగారని అప్పట్లో అధికారులు తేల్చేశారు. వాళ్లు అడిగిన ప్రశ్నలు చూస్తే ఆ మాట నిలవదు. పాలిచ్చే తల్లి వేయించుకోవచ్చా? రక్తం పలచబడే మాత్రలు వాడేవారి సంగతేమిటి? జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ రోజుల డబ్బు ఇస్తారా? ప్రాణం మీదికి వస్తే ఇంటివాళ్లకు దిక్కెవరు? మొదటి రెండు ప్రశ్నలకు భారత్ బయోటెక్ సమాచార పత్రం టీకా మొదలై రెండు మూడు రోజులు గడిచాక వచ్చింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, జ్వరంతో ఉన్నవారు కోవాగ్జిన్ వేయించుకోవద్దని అందులో ఉంది. అంటే ఏఎన్ఎంలు అడిగిన ప్రశ్న సరైనదని కంపెనీ కాగితమే ఒప్పుకొంది. అడిగినందుకు వాళ్లకు అప్పటికే భయస్తులన్న పేరు పడిపోయింది.

మూడో ప్రశ్న తేలికగా తీసిపారేసేది కాదు. ఆశా కార్యకర్త ప్రభుత్వోద్యోగి కాదు. ఆమెకు అందేది నెలకు పది వేల రూపాయల గౌరవ వేతనం. నాలుగో ప్రశ్నకు వస్తే, కరోనా సోకి చనిపోయిన ఆరోగ్య కార్యకర్తలకూ, ఆ విధుల్లో ప్రమాదవశాత్తు చనిపోయినవారికీ కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది. టీకా తరువాత ఏమైనా జరిగితే అన్న మాట ఆ పథకంలో లేదు.

ఇంకొకటి, టీకా సీసా సంగతి. కోవిషీల్డ్ సీసాలో పది డోసులు. తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయాలి. కేంద్రానికి ఆరుగురే వస్తే మిగతా నలుగురిని ఫోన్లు చేసి రప్పించాలి. డోసు వృథా అయితే వైద్యాధికారి పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. ఆ ఒత్తిడి ఆయన నుంచి సూపర్‌వైజరుకు, సూపర్‌వైజరు నుంచి ఏఎన్ఎంకు, ఏఎన్ఎం నుంచి ఆశాకు దిగింది. స్వచ్ఛందం అని కాగితం మీద ఉన్న పని, మధ్యాహ్నమయ్యేసరికి పైవారి ఆదేశంగా మారింది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కానీ పైఅధికారి ఫోను చేసి ‘ఇంకా రాలేదేం’ అని అడిగితే, కింది ఉద్యోగి దాన్ని స్వేచ్ఛ అనుకోదు.

ఇక కోవాగ్జిన్ వేయించుకునేవారు సంతకం చేయాల్సిన సమ్మతి పత్రం. టీకా సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదనీ, మూడో దశ పరీక్షల్లో ఇంకా అధ్యయనం జరుగుతోందనీ ఆ పత్రంలోనే రాసి ఉంది. తీవ్రమైన ఇబ్బంది వచ్చి, అది టీకా వల్లే అని రుజువైతే కంపెనీ పరిహారం ఇస్తుందనీ ఉంది. ఏడు రోజుల పాటు జ్వరం, నొప్పి, వాపు ఎలా ఉన్నాయో నింపే పట్టిక దానికి జత. రాష్ట్రానికి మొదట వచ్చిన డోసుల్లో అత్యధికం కోవిషీల్డే కనుక డెల్టాలో చాలామంది ఆ కాగితాన్ని చేతితో ముట్టుకోలేదు. ఫోటో మాత్రం ఫోన్లలో తిరిగింది. ‘రుజువైతే’ అన్న మాట దగ్గర చదివినవాళ్లు ఆగిపోయారు. రుజువు చేయాల్సింది ఎవరు? లంకల్లో ఉండే కుటుంబం కాకినాడ పెద్దాసుపత్రి దాకా వెళ్లి ఏ కాగితంతో రుజువు చేస్తుంది?

సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికల గొడవ వచ్చిపడింది. ఎన్నికలు జరిపి తీరాలని రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ పట్టుబట్టారు. టీకా కార్యక్రమం ఉంది కనుక కుదరదని ప్రభుత్వం అంది. టీకా వేశాకే విధులకు వస్తామని ఉద్యోగ సంఘాలు అన్నాయి. జనవరి 11న హైకోర్టు సింగిల్ జడ్జి షెడ్యూలు నిలిపివేశారు. 21న డివిజన్ బెంచ్ అనుమతించింది. 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఉద్యోగ సంఘాల పిటిషన్లు కొట్టివేసింది. ఫిబ్రవరిలో నాలుగు విడతల పోలింగ్. ఈ గొడవలో టీకా వైద్యం నుంచి జారి రాజకీయంలో పడింది. సర్పంచి పదవికి పోటీ ఉన్న ప్రతి ఊళ్లోనూ టీకా గురించి ప్రశ్న అడిగినవారిని ముందు ఏ పార్టీ అని అడిగారు. ఆ తరువాత ప్రశ్న వినడం మానేశారు.

ఆ రోజుల్లోనే గుంటూరు జిల్లాలో టీకా వేయించుకున్న కొద్ది రోజులకు ఒక ఆశా కార్యకర్త మరణించారు. ఆ వార్త గోదావరి జిల్లాల ఆశాలను కుదిపేసింది. చనిపోయింది తమలాంటి మనిషి, తమలాగే పైనుంచి చెబితే వరుసలో నిలబడిన మనిషి.

ఇక్కడ పదకొండేళ్లు వెనక్కి, నదికి ఎగువకు వెళ్లాలి. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని అది. నలుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం తేల్చింది. ఆ నిర్ణయాన్ని కాదనే ఆధారం లేదు. కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. కన్నవాళ్లకు తెలియకుండా గిరిజన పిల్లల తరఫున వార్డెన్లు ఒప్పేసుకున్నారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

డెల్టాకు దీనితో ఏం పని అంటారా? 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం పట్టణాన్ని మినహాయించి ఆ మండలం పల్లెలు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం తూర్పు గోదావరిలోకి, కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరిలోకి వచ్చాయి. ఖమ్మం కథ ఆ ఊళ్లతో పాటే ఈ జిల్లాల ఆరోగ్య శాఖలోకి నడిచివచ్చింది. సంతకం ఎవరు చేశారు, ఏం చదివి చేశారు అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఇక్కడ ఉంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో కుప్పకూలినప్పుడు సీసం అని ఒకరు, నికెల్ అని ఒకరు, పురుగుమందు అని ఇంకొకరు చెప్పారు. ఆ గందరగోళం చల్లారకముందే టీకా వచ్చింది.

అధికారుల వైపు వాదనా ఉంది. నిర్ధారణ అయ్యేదాకా ఆగితే వైరస్ ఆగదు. వారి మాటకు ఏప్రిల్, మే నెలలు బలమిచ్చాయి. మేలో తూర్పు గోదావరి ఒక్క జిల్లాలోనే కొన్ని రోజులు మూడు వేలకు పైగా కేసులు వచ్చాయి. జనవరిలో జబ్బ చాపనివారు తెల్లవారుజామునే టోకెన్ల కోసం వరుస కట్టారు. అప్పుడు టీకా లేదు. కోవిషీల్డ్ డోసుల మధ్య గడువు మార్చిలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు పెంచారు. మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలన్నారు. శాస్త్రీయ కారణాలు ఉన్నాయని చెప్పినా, వరుసలో ఉన్నవారికి అర్థమైంది సరుకు లేదనే. మే 17న టీకా దుష్ప్రభావాలను పరిశీలించే జాతీయ సంఘం కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టే అవకాశం పది లక్షల డోసులకు 0.61 అని చెప్పింది. టీకా వేశాక ఇరవై రోజుల లోపు ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, సూది వేసిన చోట కాక వేరే చోట ఎర్రటి చుక్కలు లేచినా ఆసుపత్రికి వెళ్లాలని ఆరోగ్య శాఖ సూచించింది. ఎంతో పనికొచ్చే సమాచారం. టోకెను దొరుకుతుందో లేదో తెలియని మనిషి చెవిన అది పడే పరిస్థితి లేదు. 2024లో కోవిషీల్డ్ అసలు కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఇదే విషయం ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడు ఇక్కడివారికి అది మూడేళ్లు దాచిపెట్టిన రహస్యంలా వినిపించింది.

డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. కోనసీమ నుంచీ నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు ఎందరో. కువైట్ గుర్తించింది కోవిషీల్డ్‌నే. కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2021 నవంబరు 3న గాని రాలేదు. కేంద్రానికి వెళ్లాక ఆ రోజు ఏ సీసా తెరిస్తే అదే వేశారు. కోవాగ్జిన్ పడి వీసా చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నవారికి, ఏ టీకా అని అడగడం ఎంత అవసరమో అనుభవంలో తెలిసింది. కొబ్బరి దింపు కార్మికుల లెక్క ఇంకో రకం. జబ్బ వాస్తే చెట్టెక్కలేరు, ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. పని లేని రోజు చూసి వేస్తామని చెప్పినవారు లేరు.

2021 జూన్ 20న రాష్ట్రం ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసి రికార్డు సాధించింది. టీకా ప్రాణాలు కాపాడింది, ఇందులో నాకు సందేహం లేదు. 18 నుంచి 45 ఏళ్లవారి హఠాన్మరణాలపై వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో టీకా వేసుకున్నవారికే ముప్పు తక్కువని తేలింది. కరోనాతో ఆసుపత్రిలో చేరినవారికి, కుటుంబంలో హఠాన్మరణాలు ఉన్నవారికి, మితిమీరి మద్యం తాగినవారికి ముప్పు ఎక్కువని తేలింది. గుండెపోటును టీకాకు అంటగట్టేవారు ఈ ఫలితం చదవాలి. కానీ రికార్డులు జనవరి ప్రశ్నలకు జవాబులు కావు. భయం వాటిని అణిచింది, భయం పోగానే అవి మళ్లీ లేచాయి.

2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనకూడదనీ, టీకా తరువాత ఎదురైన ఇబ్బందులను ప్రజలూ ప్రైవేటు డాక్టర్లూ నేరుగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలనీ చెప్పింది. అదే ఏడాది నవంబరులో టీకా మరణాల పరిహారం కేసులో కేంద్రం అఫిడవిట్ వేసింది. టీకా స్వచ్ఛందం, సమాచారమంతా అందుబాటులో ఉంది, కోరి కేంద్రానికి వచ్చి వేయించుకున్నవారు సమ్మతి లేదనడానికి వీల్లేదు, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు అన్నది దాని సారాంశం. పైనుంచి ఫోను వస్తే వెళ్లి వేయించుకున్న ఆశా కార్యకర్త, ఈ లెక్కన, కోరి వచ్చినట్టు. కొత్త టీకా వస్తే గడపగడపకూ తిరిగి చెప్పాల్సింది మళ్లీ ఆమే. 2021 జనవరిలో ఆమె అడిగిన నాలుగో ప్రశ్నకు, ప్రాణం మీదికి వస్తే ఇంటివాళ్లకు దిక్కెవరన్న ప్రశ్నకు, ప్రభుత్వం ఇచ్చిన రాతపూర్వక జవాబు ఆ అఫిడవిట్టే.