పన్ను తీసిన గుంటలో ఎముక: గ్రాఫ్టుల వెనుక కథ

పన్ను తీసిన చోట దవడ గట్టు (పళ్లు నాటుకుని ఉండే ఎముక అంచు) క్రమంగా సన్నబడుతుందని దంతవైద్యులకు చాలాకాలంగా తెలుసు. దాన్ని ఆపాలన్న ఆలోచన మాత్రం ఆలస్యంగా పుట్టింది. పళ్లు పోయినవారికి కట్టుడు పళ్లే దిక్కయిన రోజుల్లో, గట్టు అరిగి పళ్ల సెట్టు వదులైతే కొత్త సెట్టు చేసి ఇవ్వడంతో సరిపెట్టుకునేవారు. కట్టుడు పళ్లు వాడేవారిని 25 ఏళ్ల పాటు గమనించి 1972లో టాల్‌గ్రెన్ ప్రచురించిన అధ్యయనం, ఈ అరుగుదల ఏళ్లు గడిచినా పూర్తిగా ఆగదనీ, ముందుభాగంలో పై దవడ కంటే కింది దవడలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా ఉంటుందనీ చూపింది.

ఈ సంగతికి కొత్త ప్రాధాన్యం ఇంప్లాంట్లతో, అంటే పంటి వేరుకు బదులుగా దవడ ఎముకలో నాటే లోహపు మేకులతో, వచ్చింది. స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు అమర్చినా, 1982 టొరంటో సదస్సు తర్వాతే ఆ పద్ధతి ఉత్తర అమెరికాలో విస్తృతంగా ఆమోదం పొందింది. ఇంప్లాంటు నిలబడాలంటే తగినంత వెడల్పు, ఎత్తు ఉన్న ఎముక కావాలి కాబట్టి, అంతవరకు దానంతటదే మానుతుందని వదిలేసిన పన్ను గుంట ఒక్కసారిగా చికిత్స చేయవలసిన చోటైంది.

ఎముక ఖాళీలను పూడ్చే ప్రయత్నాలు అంతకు ముందే ఉన్నాయి. జర్మనీలో డ్రీస్‌మన్ 1892 నాటికే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఎముక గుంటలు నింపాడు. లాస్ ఏంజెలెస్‌లో మార్షల్ యూరిస్ట్, ఆమ్లంతో ఖనిజాలు తీసేసిన ఎముకను జంతువుల కండరాల్లో పెడితే అక్కడే కొత్త ఎముక పుడుతోందని 1965లో ప్రకటించాడు. దంతవైద్యం ఈ జ్ఞానాన్ని అందుకున్న తీరు మాత్రం తిన్నగా సాగలేదు. హైడ్రాక్సీఅపటైట్ అనే, ఎముకలో ఉండే తరహా ఖనిజంతో పన్ను వేరు ఆకారంలో చేసిన దిమ్మెలను గుంటలో పెట్టి గట్టును కాపాడాలని కొందరు చూశారు గానీ, వాటిలో చాలా దిమ్మెలు పంటి చిగుళ్లను చీల్చుకుని బయటపడ్డాయి.

దారి మార్చింది స్వీడన్ పరిశోధకులే. చిగుళ్ల కణాలు వేగంగా, ఎముక కణాలు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి మధ్యలో ఒక పొరను కంచెలా నిలిపితే ఎముకకు చోటు దక్కుతుందన్నది వారి వాదన. నైమన్, లిండే, కారింగ్‌ల బృందం 1982లో పంటి చుట్టూ ఉండే కణజాలం విషయంలోనూ, డాలిన్ బృందం 1988లో ఎముక విషయంలోనూ దీన్ని చూపాయి. తొలినాటి టెఫ్లాన్ జాతి పొరలు బయటపడి ఇన్‌ఫెక్షన్లు తెచ్చేవి, పైగా వాటిని తీయడానికి మరో ఆపరేషన్ కావలసి వచ్చేది. అందుకే క్రమంగా శరీరంలో కరిగిపోయే కొల్లాజెన్ (జంతువుల చర్మం వంటి వాటి నుంచి తీసే ప్రోటీన్) పొరలు వాడుకలోకి వచ్చాయి. అదే కాలంలో, ప్రోటీన్లన్నీ తొలగించిన పశువుల ఎముకతో చేసిన గ్రాన్యూల్స్‌ను (చిన్న రేణువులను) స్విట్జర్లాండ్‌కు చెందిన గైస్ట్‌లిక్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. గ్రాన్యూల్స్ పశువులవి, కొల్లాజెన్ చాలాసార్లు పందులది కావడం వల్ల, ముఖ్యంగా మన దేశంలో, రోగికి ఆ మాట చికిత్సకు ముందే చెప్పాలి.

ఇంతకూ ఆ గట్టు ఎందుకు కుంగుతుంది? ష్రాప్ బృందం 2003లో 46 మందిని ఏడాది పాటు పరిశీలించి, గట్టు వెడల్పులో దాదాపు సగం పోతోందనీ, ఆ నష్టంలో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరుగుతోందనీ తేల్చింది. కారణాన్ని అరౌజో, లిండే 2005లో కుక్కలపై ప్రయోగాలతో వివరించారు. పంటి వేరును పట్టి ఉంచే నారలు నాటుకునే పలచని ఎముక పొర పంటి కోసమే ఉంటుంది, పన్నుతోపాటే దాని పనీ తీరిపోతుంది. గుంటకు పెదవి వైపున్న ఎముక గోడ అంచు చాలావరకు ఆ పొరే కాబట్టి అది ముందుగా కరుగుతుంది. ముందు పళ్ల దగ్గర ఆ గోడ చాలామందిలో 1 మిల్లీమీటరు మందం కూడా ఉండదు.

అదే పరిశోధకులు 2008, 2009లలో గుంటలో పశువుల ఎముక గ్రాఫ్టు (ఖాళీని పూడ్చే పదార్థం) పెట్టి చూసినప్పుడు గోడ కరగడం ఆగలేదు. కాకపోతే గ్రాఫ్టు చోటును నిలిపి, గట్టు కొలతలను చాలావరకు కాపాడింది. నా దృష్టిలో ఈ తేడాను ప్రకటనలు స్పష్టంగా చెప్పవు: 'ఎముక పెంచుతాం' అనే చోట నిజానికి జరిగేది ఎక్కువగా కుంగుదలను తగ్గించడమే. రోగి సొంత రక్తం నుంచి చేసే ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే నారల జాలం) 2001లో ఫ్రాన్స్ నుంచి, యూరిస్ట్ పరిశోధన వారసత్వంగా వచ్చిన, ఎముకను పుట్టించే ప్రోటీన్ 2007లో అమెరికా అనుమతితో ఈ రంగంలోకి వచ్చాయి. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష 2021లో, గ్రాఫ్టు గట్టు నష్టాన్ని తగ్గించవచ్చని చెబుతూనే, ఆధారాల బలం చాలా తక్కువనీ, ఆ తర్వాత పెట్టే ఇంప్లాంట్ల వైఫల్యంలో తేడా ఉందనడానికి ఆధారం కనబడలేదనీ పేర్కొంది.