పోలీసు రావాలన్న రూల్ లేదు, గన్ ఉండకూడదన్న రూల్ ఉండేది: డీసీ కథ

అమెరికాలో గన్ గొడవ వచ్చినప్పుడల్లా మనోళ్ళు అడిగేది ఒకటే, పోలీసులున్నారు కదా ఇంట్లో తుపాకీలెందుకు అని. దానికి సగం జవాబు వాళ్ళ కోర్టు తీర్పుల్లోనే ఉంది, మనకి అది పెద్దగా తెలీదు.

1975 మార్చి, వాషింగ్టన్ డీసీలో ఒకింట్లో తెల్లవారకముందే ఇద్దరు దుండగులు చొరబడ్డారు. ఒకామెని పట్టుకున్నారు, పై అంతస్తులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కేకలు విని పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసు కార్లైతే వచ్చాయి, ఒకాయన తలుపు కొట్టాడు, ఎవరూ తియ్యకపోయేసరికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఫోన్ చేస్తే వస్తున్నారన్నారు గానీ ఈసారి ఎవర్నీ పంపనే లేదు. కింద కేకలు ఆగిపోయాయి, పోలీసులొచ్చేశారనుకుని వీళ్ళు స్నేహితురాల్ని గట్టిగా పిలిచారు, పైన కూడా మనుషులున్నారని దుండగులకి అప్పుడు తెలిసింది. ముగ్గుర్నీ 14 గంటలు చిత్రహింస పెట్టారు. కేసు వేస్తే 1981లో డీసీ అప్పీల్స్ కోర్టు ఏమందంటే, పోలీసుల బాధ్యత మొత్తం జనానికేగానీ ఫలానా మనిషిని కాపాడి తీరాలన్న చట్టబద్ధమైన బాధ్యత లేదు అని.

ఈలోపు 1976లో అదే ఊరి కౌన్సిల్ కొత్త హ్యాండ్‌గన్‌లకి రిజిస్ట్రేషన్ ఆపేసింది, అంటే కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవడం దాదాపు కుదరదు. కాపాడతామన్న గ్యారంటీ ఇవ్వరు, నువ్వు కాపాడుకుంటానంటే వద్దంటారు, ఇదెక్కడి న్యాయం అని గన్ హక్కుల వాళ్ళు పట్టుకున్నది ఇక్కడే. అడగాల్సిన ప్రశ్నే అనిపిస్తుంది నాకు.

ఇంకో కేసుంది, కొలరాడోలో కాజిల్ రాక్, 1999. విడిగా ఉంటున్న భర్త తమకి దూరంగా ఉండాలని ఒక తల్లి కోర్టు ఆర్డర్ తెచ్చుకుంది, అయినా అతను ముగ్గురు ఆడపిల్లల్నీ తీసుకెళ్ళిపోయాడు. ఆమె రాత్రంతా పోలీసులకి ఫోన్లు చేసింది, స్టేషన్‌కి కూడా వెళ్ళింది, చూద్దాం చూద్దాం అన్నారు. తెల్లవారుజామున అతను స్టేషన్ మీదే కాల్పులు జరిపి చచ్చిపోయాడు, పిల్లల శవాలు అతని ట్రక్కులో దొరికాయి. 2005లో సుప్రీంకోర్టు 7-2తో, ఆర్డర్ అమలు చెయ్యలేదని పోలీసుల మీద రాజ్యాంగం కింద దావా కుదరదంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ స్కాలియా. మూడేళ్ళకి 2008లో, డీసీ గన్ బ్యాన్ చెల్లదు, ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ పెట్టుకోవడం వ్యక్తి హక్కు అని 5-4 తీర్పు వచ్చింది, అదీ ఆయనే రాశారు!

అయితే కాజిల్ రాక్ కేసు చెప్పేవాళ్ళు ఒక్క ముక్క మింగేస్తారు, ఆ తండ్రి తుపాకీ కొన్నది అదే సాయంత్రం. అంటే ఆ రాత్రి పోలీసు కదల్లేదు, గన్ మాత్రం సులువుగా దొరికింది. ఇలా కోర్టు ఆర్డర్ కింద ఉన్న ప్రమాదకరమైనవాళ్ళ చేతిలో తుపాకీ లేకుండా చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 8-1తో తేల్చింది 2024లో, పాతికేళ్ళ తర్వాత. ఇంట్లో గన్ ఆత్మరక్షణకే అంటారుగానీ, 2021లో అమెరికాలో తుపాకీతో పోయిన 48,000 పైచిలుకు మందిలో సగం కంటే ఎక్కువ ఆత్మహత్యలే.

ఇప్పుడు రిపబ్లికన్లు గన్ హక్కుల వైపు, డెమోక్రాట్లు కట్టడి వైపు కనిపిస్తారుగానీ, పార్టీల లెక్క మొదట్నుంచీ ఇలా లేదు. 1967లో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి హక్కుల సంస్థ వాళ్ళు పోలీసుల్ని నమ్మలేం అంటూ తుపాకీలతో కాలిఫోర్నియా అసెంబ్లీ బిల్డింగ్‌లోకి నడిస్తే, లోడ్ చేసిన గన్‌తో బయట తిరగడం నిషేధించే చట్టం మీద సంతకం పెట్టింది గవర్నర్ రీగన్, రిపబ్లికన్! గన్ హక్కుల కోసం పోరాడే పెద్ద సంఘం ఎన్ఆర్ఏ కూడా 1871లో గురి నేర్పడానికి పుట్టిన సంస్థే, పూర్తిగా రాజకీయాల్లోకి దిగింది 1977 తర్వాతే.

ఇక గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర నైట్ షిఫ్ట్ చేసే మన పిల్లల సంగతి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ పెట్టుకోవడం ఫెడరల్ నేరం, 1998 నుంచీ ఉంది ఈ రూల్, వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయంతే. గ్రీన్ కార్డ్ ఉంటే మామూలుగా కొనుక్కోవచ్చు. కాబట్టి ఒక గన్ కొనుక్కోరా అని ఫోన్‌లో సలహా ఇచ్చే బాబాయిలు ముందు వాడి వీసా ఏంటో అడగండి.